బొల్లారం పల్టన్లు: ఎవరి జ్ఞాపకం మిగిలింది?

బొల్లారం, అల్వాల్, యాప్రాల్, కౌకూర్, సైనిక్‌పురి. సికింద్రాబాద్‌కి ఉత్తరాన ఉన్న ఈ కాలనీల్లో మాజీ సైనికుడు లేని వీధి దొరకడం కష్టం. జవానుగా చేసి వచ్చినవాడి ఇంటి ముందుగదిలో చాలాసార్లు ఒక గ్రూప్ ఫొటో కనిపిస్తుంది. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, జేసీవోలు. వెనక బల్లలెక్కి వరసలు వరసలుగా నిలబడ్డ జవాన్లు. కింద అట్ట మీద ఇంగ్లీషులో యూనిట్ పేరు, సంవత్సరం. ఇంటికొచ్చిన చుట్టానికి అందులో ఇంటాయన ఏ మూల ఉన్నాడో పోల్చుకోవడం కష్టం. ఆయనకు మాత్రం ఆ వరసలన్నీ కంఠతా వచ్చు. ఇతను గఢ్వాలీ, ఇతనిది రాజమండ్రి దగ్గర పల్లె, ఇతను పోయాడు, ఇతను ఇప్పటికీ దీపావళికి ఫోన్ చేస్తాడు. ఆయన పోయాక ఆ అట్ట మీద మిగిలేవి మొహాలే.

సైన్యం వదిలి వచ్చినవాళ్ళు తమ యూనిట్ స్నేహాన్ని పుస్తకాల్లో, బొమ్మల్లో, పాటలో, మాటలో ఎంతవరకు నిలుపుకున్నారు, అందులో ఎవరి వాటా ఎంత అన్నది ఈ సమీక్ష విషయం. ప్రపంచమంతటా ఈ పని జరుగుతోంది. అయినా దీన్ని పరిశీలించడానికి బొల్లారం కన్నా మంచి చోటు మన దగ్గర లేదు. ఇక్కడ బొల్లారం అంటే కంటోన్మెంటు పక్క బొల్లారం. పారిశ్రామికవాడ ఉన్న సంగారెడ్డి జిల్లా బొల్లారం వేరు.

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది. అందులో ఉండేది కంపెనీ సైన్యం. బొల్లారంలో దిగింది మరో సైన్యం. జీతం నిజాంది, ఆఫీసర్లు ఆంగ్లేయులు, పేరు హైదరాబాద్ కంటింజెంట్. రిసాలా బజార్ అన్న పేరు ఇప్పటికీ దాని గుర్రపు దండుని గుర్తు చేస్తూనే ఉంది. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఉంది. విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చి కట్టించిందని చెప్పుకుంటారు. 1983 నవంబరు 20న, తన పెళ్ళిరోజున, రెండో ఎలిజబెత్ రాణి ఇక్కడికి వచ్చి ప్రార్థన చేసింది. 1860లో కట్టిన రెసిడెన్సీ భవనం ఇప్పుడు తొంభై ఎకరాల రాష్ట్రపతి నిలయం.

రాళ్ళూ కట్టడాలూ ఇన్ని మిగిలిన చోట మనుషుల మాటలు ఎన్ని మిగిలాయి? ఒక్క సంఘటన చూస్తే చాలు. 1855 సెప్టెంబరు 21న, మొహర్రం రోజుల్లో, ఊరేగింపుల విషయంలో తగువొచ్చింది. కంటింజెంట్ మూడో అశ్వికదళానికి చెందిన సవార్లు బ్రిగేడియర్ కోలిన్ మెకంజీ బంగళా మీద పడి ఆయన్ని కత్తులతో నరికారు. ఆయన బతికాడు. 1857 తిరుగుబాటుకి రెండేళ్ళ ముందు జరిగిన ఈ గొడవ మీద లండన్ దాకా చర్చ నడిచింది. 1884లో మెకంజీ భార్య హెలెన్, భర్త జీవితకథను రెండు సంపుటాలుగా అచ్చు వేయించింది. గాయాలు, జ్వరం, తన భయం, స్నేహితుల సాయం, అన్నీ ఆమె వైపు నుంచి పదిలంగా ఉన్నాయి. మరి ఆ సవార్లు? ఒకే పళ్ళెంలో తిని, ఒకే పండుగకు ఒకే ఆవేశంతో కదిలినవాళ్ళు కదా. వాళ్ళలో వాళ్ళు ఏమనుకున్నారో, ఎవరు ఎవరిని ఆపబోయారో తెలుసుకుందామంటే విచారణ కాగితాలే గతి. నేరస్థుడి వాంగ్మూలంగా తప్ప సిపాయి గొంతు చరిత్రకెక్కలేదు. బొల్లారం జ్ఞాపకంలోని అసమానత్వం అక్కడే మొదలైంది. నా లెక్కలో అది ఇంకా తీరలేదు.

కంటింజెంట్ తర్వాతి కథ చాలామంది హైదరాబాదీలకే తెలియదు. 1903 ప్రాంతంలో అది భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. 1945 అక్టోబరులో ఆ రెజిమెంట్ పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది. మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో కమిషన్ పొందింది హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. 1962 నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్‌తో పాటు నేలకొరిగిన 13వ కుమావ్ జవాన్లదీ ఇదే వంశం. అశ్వికదళాల్లో కొన్ని డెక్కన్ హార్స్ అయ్యాయి. 1916 జులై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర బల్లేలతో దూకింది వాళ్ళే. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర ట్యాంకులతో పోరాడిందీ వాళ్ళే. అంటే బొల్లారం పల్టన్ల జ్ఞాపకం ఇవాళ బొల్లారంలో లేదు. అది ఉత్తరాఖండ్ కొండల్లో, రాణీఖేత్‌లోని రెజిమెంట్ మ్యూజియంలో ఉంది. ఇప్పుడు బొల్లారంలో ఉంటున్న మాజీ సైనికుల్లో ఎక్కువమందికి ఆ వంశంతో సంబంధం లేదు. పల్టన్ వెళ్ళిపోయింది, ఊరు మిగిలింది, ఆ ఊరికి వేరే పల్టన్లవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు.

ఇక పుస్తకాలు. దక్కనులో కొలువు చేసిన సైనికులు రాసినవి తక్కువేమీ కాదు. 1824లో నిజాం కొలువులో చేరిన మెడోస్ టేలర్ నవలలు రాశాడు, స్కెచ్‌లు గీశాడు. ఆయన ఆత్మకథ 1877లో, చనిపోయిన మరుసటి ఏడు, కూతురి చేతుల మీదుగా వెలువడింది. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగుబాటుకి నాయకత్వం వహించిన మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలు 'హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్' పేరుతో చాలా ఆలస్యంగా 1994లో వచ్చాయి. ఓడినవాడి పుస్తకం కాబట్టి సంజాయిషీ ఎక్కువ. అయినా ఆ సైన్యం లోపలి మనిషి చెప్పిన కథగా దానికి విలువుంది. 1987లో శాంతి పరిరక్షణ దళంగా శ్రీలంకకు ముందుగా వెళ్ళింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. దాని అధిపతి మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ 2007లో తన కథ చెప్పుకున్నాడు. అందులో వ్యూహం ఉంది, ఢిల్లీ మీద కోపం ఉంది. శ్రీలంకలో మన సైనికులు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళ పేర్లతో కొలంబో శివారులో శ్రీలంక ప్రభుత్వం స్మారకం కట్టింది. ఏ ఊరి నుంచి బయల్దేరారో ఆ ఊరి భాషలో వాళ్ళ గురించి చెప్పుకోదగ్గ పుస్తకం ఒక్కటి నా కంటబడలేదు.

వీటన్నిటిలో నాకు నచ్చింది ఆబిద్ హసన్ సఫ్రానీ రాసిన చిన్న రచన. హైదరాబాదీ, జర్మనీలో చదువుకుంటూ సుభాష్ చంద్రబోస్ వెంట నడిచినవాడు, 1943లో జలాంతర్గామిలో ఆయనతో పాటు తూర్పుకి ప్రయాణించినవాడు. 'జై హింద్' నినాదం ఆయన ఇచ్చిందే అంటారు. స్వాతంత్ర్యం వచ్చాక దౌత్యవేత్తగా పనిచేసి, విరమణ తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. ఇంత జీవితం ఉన్నవాడు నేతాజీ పక్కన తన స్థానం గురించే వెయ్యి పేజీలు రాసుకోవచ్చు. 'ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్'లో ఆయన రాసింది, 1944లో ఇంఫాల్ నుంచి వర్షంలో, ఆకలితో, జబ్బులతో వెనక్కి నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ మామూలు సైనికుల గురించి. ఎక్కడెక్కడి ప్రాంతాలవాళ్ళో, ఏయే మతాలవాళ్ళో, ఓడిపోయి కూడా ఒకరినొకరు విడవనివాళ్ళు. తనని పక్కకి జరుపుకుని వాళ్ళని ముందుకు తెచ్చాడు. సైనిక స్నేహం గురించి రాయాలనుకునేవాడికి ఇదే కొలబద్ద: రచయిత తన ర్యాంకు మీద నుంచి కిందికి దిగాడా లేదా? ఈ రచన తెలుగులో విరివిగా దొరకాలి.

పుస్తకం రాయలేనివాడు ఏం చేశాడు? మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అన్న పేట ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులోని సిద్దీ సైనికుల బస్తీ అది. 1948 తర్వాత ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, దుస్తులు పోయాయి, జీతం పోయింది. డప్పులు మిగిలాయి. అరబ్బులతో పాటు సిద్దీలు హైదరాబాద్‌కి అలవాటు చేసిన మర్ఫా వాద్యం పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో జనం పాటగా బతికింది. రద్దయిన ఒక పల్టన్ తన ఐకమత్యాన్ని కొడుకులకూ మనవళ్ళకూ వాద్యంగా అప్పగించిందన్నమాట. గోడకు తగిలించిన తైలవర్ణ చిత్రాల కన్నా, మెస్సుల్లో మెరిసే వెండి గుర్రాల కన్నా నా దృష్టిలో ఇదే ఎక్కువ సజీవమైన సైనిక కళ. అయితే పెళ్ళి బరాత్‌లో మర్ఫాకి గంతులేసే కుర్రాళ్ళలో ఎందరికి ఇది సైనికుల సొత్తని తెలుసో అనుమానమే.

ఇప్పటి బొల్లారం సంగతికి వద్దాం. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఈఎంఈ (సైన్యం యంత్రాల మరమ్మతు దళం) సెంటర్, తిరుమలగిరిలో ఏవోసీ (ఆయుధ సామగ్రి దళం) సెంటర్, అవతల గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉన్నాయి. తెలుగు జవాన్లలో చాలామంది ఇలాంటి టెక్నికల్ దళాల్లోనే పనిచేశారు. మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ శాపర్స్ సరేసరి. ఇక్కడ బయటివాళ్ళు గమనించని తేడా ఒకటుంది. పదాతి దళంలో చేరినవాడికి సర్వీసంతా దాదాపు ఒకే పల్టన్. పోస్టింగ్ అంటే పల్టన్‌తో కలిసి ఊరు మారడమే. ఈఎంఈ క్రాఫ్ట్స్‌మన్‌కి అలా కాదు. రెండు మూడేళ్ళకోసారి కొత్త యూనిట్, కొత్త మనుషులు. అతని స్నేహం ట్రేడ్‌ని బట్టి, ట్రైనింగ్ కంపెనీని బట్టి, పాసింగ్ ఔట్ అయిన స్క్వాడ్‌ని బట్టి ముడిపడుతుంది. అందుకే ఇన్‌ఫాంట్రీవాడు యూనిట్ రైజింగ్ డే నాడు గుర్తు చేసుకుంటే, టెక్నికల్ దళంవాడు పద్దెనిమిదేళ్ళ వయసులో తనతో పాటు డ్రిల్లు ఉస్తాద్ చేతిలో తిట్లు తిన్నవాళ్ళని గుర్తు చేసుకుంటాడు. యుద్ధ స్మృతి సాహిత్యమంతా మొదటి రకం స్నేహాన్నే మెచ్చుకుంది. రెండోది లెక్కలోకే రాలేదు.

ఇంకో చిక్కు, భాష. స్నేహమంతా హిందీలో జరిగింది. లంగర్‌లో, బడాఖానాలో, గుడారంలో చెప్పుకున్న జోకులు, పెట్టుకున్న ముద్దుపేర్లు, బూతులతో సహా, హిందీవి. పదిహేను, పదిహేడేళ్ళ సర్వీసు చేసి ముప్ఫై అయిదు దాటగానే ఇంటికొచ్చిన జవాను ఆ లోకాన్ని తెలుగులో భార్యకు చెప్పబోతే సగం రుచి పోతుంది. బ్యాంకు ముందు గార్డుగానో, రైల్వేలో మాజీ సైనికుల కోటాలోనో రెండో ఉద్యోగం మొదలవుతుంది. ఇక ఆ లోకాన్ని తెరిచేది ఇంకో ఫౌజీ ఎదురైనప్పుడే. సీఎస్‌డీ క్యాంటీన్ వరసలో, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ బెంచీ మీద, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళిన చోట 'కౌన్సీ యూనిట్, సాబ్?' అన్న ఒక్క ప్రశ్నతో గంట గడిచిపోతుంది. యూనిట్ వేరు, యుద్ధం వేరు, ర్యాంకు వేరు. అయినా సియాచిన్ చలి ఎలా ఉంటుందో వివరించక్కర్లేని మనిషి దొరికాడు కదా! బొల్లారంలో నిజంగా పనిచేస్తున్న స్మృతి మందిరాలు ఈ వరసలూ బెంచీలే. వాటిలో వెలువడిన కథ అక్కడే ఆవిరైపోతుంది, అదే బాధ.

తెలుగు సాహిత్యం ఈ లోటు తీర్చిందా? పెద్దగా లేదు. శిష్ట్లా ఉమామహేశ్వరరావు 'సిపాయి కథలు' రాశాడు. ఆరుద్ర 1943 నుంచి నాలుగేళ్ళు వైమానిక దళంలో ఉన్నాడు, కానీ ఆయన కవిత్వానికి కేంద్రం అది కాదు. మనకు సైనికుడి మీద దేశభక్తి గేయాలు కుప్పలు తెప్పలు. సైనికుడు రాసిన తెలుగు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సినిమా, విగ్రహం ఒక్క వీరుణ్ణి నిలబెడతాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో మరణించిన కర్నల్ సంతోష్ బాబుకి ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. అది జరగాల్సిన పనే. కానీ ఆ రాత్రి చనిపోయిన ఇరవై మందిలో మిగతావాళ్ళ పేర్లు ఎన్ని చెప్పగలం? విగ్రహం చేతకాని పనిని ఒక్కోసారి ఇంటివాళ్ళు చేస్తారు. కార్గిల్‌లో 1999 జూన్ 28న మరణించిన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఇంటికి రాసిన ఉత్తరాలున్నాయి. తండ్రి చనిపోయాక పుట్టిన కూతురు అపరాజిత పెరిగి పెద్దదై, తాను చూడని తండ్రి గురించి పుస్తకం రాసింది. జ్ఞాపకం చేతులు మారడం అంటే ఇదే.

విదేశాల అనుభవం క్లుప్తంగా. 1917లో స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో మనసు చెదిరిన ఆఫీసర్లు తమ పత్రిక తామే నడుపుకున్నారు. విల్‌ఫ్రెడ్ ఓవెన్ దానికి సంపాదకుడు. సీగ్‌ఫ్రీడ్ ససూన్‌తో అక్కడ కుదిరిన స్నేహం ఆంగ్ల కవిత్వం దారినే మార్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చిత్రకారుడిగా పనిచేసిన ఏడ్రియన్ హిల్ 1942లో, క్షయతో ఆసుపత్రిలో పడి ఉన్న అనుభవం నుంచి, బొమ్మలతో చికిత్స అన్న ఆలోచనకు పేరు పెట్టాడు. బాధాకరమైన అనుభవం రాసుకుంటే ఒంటికీ మనసుకీ కొంత మేలని 1986లో జేమ్స్ పెన్‌బేకర్ చేసిన ప్రయోగం చూపింది. తర్వాతి పరిశోధనల్లో ఆ మేలు అంత పెద్దది కాదని తేలింది. షికాగోలో వియత్నాం యుద్ధం చేసి వచ్చిన అమెరికా సైనికులు 1981లో తమ బొమ్మలతో మొదలుపెట్టిన ప్రదర్శన చివరికి మ్యూజియం అయింది. దాని ప్రత్యేకత, గీసినవాళ్ళంతా యుద్ధం చేసినవాళ్ళే. మనవాళ్ళ విషయానికొస్తే ఒక వింత. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి చిక్కిన భారతీయ సిపాయిల గొంతులు బెర్లిన్‌లో రికార్డులుగా భద్రంగా ఉన్నాయి. భాషా పరిశోధన కోసం శత్రువు తీసుకున్న శ్రద్ధ అది. మన సిపాయి మాటను మొదట నిలిపింది పరాయివాడి యంత్రం.

కళతో గాయాలు మానిపోతాయని ఊదరగొట్టేవాళ్ళని నేను నమ్మను. రాయమంటే రాయనివాళ్ళు ఉంటారు, వాళ్ళ మౌనానికి వాళ్ళ కారణాలుంటాయి. స్నేహం కూడా ఎప్పుడూ స్వచ్ఛమైనదేం కాదు. యూనిట్ పరువు కోసం నోరు మూసుకున్న సందర్భాలుంటాయి, కులం వెంటపడిన బ్యారక్‌లుంటాయి, ఆఫీసర్లకు చేసే సహాయక్ పనిలో నలిగిన జవాన్లుంటారు. అవన్నీ లేని జ్ఞాపకం రెజిమెంట్ ప్రచార పత్రం అవుతుంది. సైనికుల భార్యల మాట అసలే వినం. ఫీల్డ్ పోస్టింగ్ ఏళ్ళలో పిల్లల్ని ఒంటిచేత్తో పెంచి, సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్లలో ఒకరికొకరు తోడుగా నిలిచిన ఆడవాళ్ళ స్నేహం కూడా సైనిక స్నేహమే.

అయితే మన దగ్గర బాగా చేసినవాళ్ళు లేరా? ఉన్నారు. విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన సోవియట్ తయారీ జలాంతర్గామి. 2002లో మ్యూజియం అయింది. దాని అసలు గొప్పతనం ఇనుములో లేదు. లోపల దారి చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ఇంత ఇరుకులో నెలల తరబడి ఎలా పడుకున్నారు, నీళ్ళెలా సరిపెట్టుకున్నారు అని పిల్లలడిగితే, ఆ బతుకు తెలిసినవాడే జవాబిస్తాడు. పర్యాటకుడు యంత్రాన్ని చూడ్డానికి వెళ్ళి మనుషుల కథ వినొస్తాడు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం మరో దారి. తరతరాలుగా ఇంటికొకరు సైన్యానికి వెళ్ళే ఆ ఊళ్ళో పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకుంటారు. అమరుల పేర్లతో స్మారకం ఊరివాళ్ళ మధ్యే ఉంది. అక్కడ ఊరే ఒక యూనిట్. బొల్లారానికి కురుసుర లాంటి ఓడ లేదు, మాధవరం లాంటి రక్తబంధమూ లేదు. దేశం నలుమూలల్లో కొలువు చేసినవాళ్ళు పెన్షన్‌తో, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. కాబట్టి ఇక్కడ చేయాల్సిన పని వేరు: ఒకే యుద్ధం చేయని, ఒకే భాష మాట్లాడని మనుషుల మాటల్ని ఒక్కచోట చేర్చడం.

ఆ పనికి వ్యవధి తక్కువ. 1962లో ఇరవై ఏళ్ళవాడు ఇప్పుడు ఎనభై దాటాడు. 1971లో ఇరవై ఏళ్ళవాడు డెబ్బై దాటాడు. మరోపక్క 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరినవాళ్ళలో నూటికి పాతికమంది వరకే నాలుగేళ్ళ తర్వాత సైన్యంలో మిగులుతారు. మిగతావాళ్ళు ఇరవయ్యోపడిలోనే మాజీలవుతారు. నాలుగేళ్ళ పరిచయం నలభై ఏళ్ళ బంధంగా నిలుస్తుందా అన్నది ఎవరూ ఇప్పుడే తేల్చలేని ప్రశ్న. కానీ వాళ్ళకి చూపించడానికి ముందుతరం జ్ఞాపకాలంటూ ఉండాలి కదా.

ఇందుకు కొత్త సంస్థలూ భవనాలూ అక్కర్లేదు. జనవరి 14న, ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేసిన రోజున, ఏటా వెటరన్స్ డే జరుపుతున్నారు. పూలదండలూ ఉపన్యాసాలూ అయ్యాక ఆ రోజే ఒక గదిలో రికార్డర్ పెట్టి, వచ్చిన ప్రతి జవాను చేతా, వెంట వచ్చిన ప్రతి ఇల్లాలి చేతా అరగంట మాట్లాడిస్తే, పదేళ్ళలో తెలుగు సైనికుడి గొంతుతో ఒక గ్రంథాలయం నిండుతుంది. మాట్లాడిన భాష హిందీయా తెలుగా అని అడ్డు చెప్పకూడదు, రెండూ కలిపి మాట్లాడితే అలాగే ఉంచాలి. ఆఫీసర్ల వంతు తర్వాత రానివ్వండి, వాళ్ళ పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. కళాశాలల్లో చరిత్ర చెప్పే మాస్టార్లు, అల్వాల్, బొల్లారం, యాప్రాల్ మాజీ సైనికుల సంఘాల పెద్దలు కలిసి కూర్చుంటే ఇది జరిగే పనే. ఎవరిని పిలవాలో వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు. మాజీ సైనికులు ఉద్యోగాల కోసం, పిల్లల ఉపకారవేతనాల కోసం నమోదు చేసుకునే సైనిక సంక్షేమ కార్యాలయాల్లో వాళ్ళ పేర్లూ చిరునామాలూ ఉన్నాయి.